రిజిస్ట్రేషన్ చలానాలో ఏముంది? రుసుము పేరుతో రాష్ట్రాలు రాబడి రాబట్టే తీరు

సంక్షిప్తంగా: స్థలం కొన్నా, ఇల్లు కొన్నా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రిజిస్ట్రేషన్‌కు అయ్యేది మొత్తం 7.5 శాతం. అందులో స్టాంపు సుంకం పన్ను. బదిలీ సుంకం స్థానిక సంస్థలది. రిజిస్ట్రేషన్ ఫీజు ఒక్కటే సేవకు కట్టే రుసుము. అదీ ఆస్తి విలువలో శాతంగా ఉండటంతో పన్నులాగే పనిచేస్తోంది. ఈ శాతాలన్నీ ఆధారపడేది పుస్తక విలువ మీద, అంటే ఒక్కో చోటి ఆస్తికి ఇంతని ప్రభుత్వం తన పుస్తకంలో రాసుకునే ధర మీద. దాన్ని పెంచితే ఆస్తి పన్ను నుంచి భూసేకరణ పరిహారం దాకా చాలా లెక్కలు మారిపోతాయి.

మార్కెట్ విలువలు (ఈ పుస్తక విలువలకు ప్రభుత్వం వాడే పేరు) సవరిస్తున్నారన్న వార్త వస్తే చాలు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులు కిటకిటలాడతాయి. 2025 ఫిబ్రవరి 1న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త విలువలు అమల్లోకి రాకముందు జనవరి చివరి రోజుల్లో ఇదే జరిగింది. కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు, సాక్షులు, డాక్యుమెంట్ రైటర్లు పొద్దుపోయే దాకా ఆఫీసుల్లోనే ఉన్నారు. ఆ హడావుడి అంతా పాత విలువ మీద చలానా కట్టేయాలనే. అయితే ఆ చలానాలో ఏ పద్దు కింద ఎంత పోతుందో, అది ఎవరి ఖాతాలో పడుతుందో తెలిసినవాళ్లు తక్కువ.

మొత్తం ఒకటే, పద్దులు వేరు

ఒక లెక్క చూద్దాం. 200 చదరపు గజాల ఖాళీ స్థలం. పుస్తక విలువ గజం రూ.15,000. అంటే మొత్తం రూ.30 లక్షలు. దీన్ని మామూలు విక్రయ దస్తావేజుతో కొన్నారనుకుందాం.

ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం 5 శాతం, అంటే రూ.1,50,000. బదిలీ సుంకం 1.5 శాతం, రూ.45,000. రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, రూ.30,000. అన్నీ కలిపి రూ.2,25,000.

తెలంగాణలో స్టాంపు సుంకం 5.5 శాతం, రూ.1,65,000. బదిలీ సుంకం అంతే, రూ.45,000. రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం, రూ.15,000. ఇక్కడా మొత్తం రూ.2,25,000.

కొనేవాడి జేబులోంచి పోయేది రూపాయి తేడా లేకుండా ఒకటే. కానీ సేవ కోసమని తీసుకునే రుసుము మాత్రం ఒక రాష్ట్రంలో రెండో దానికి రెట్టింపు. ఉమ్మడి రాష్ట్రంలో ఒకే శాఖగా, ఒకే నిబంధనలతో నడిచిన ఆఫీసులివి. ఆంధ్రప్రదేశ్‌లో దస్తావేజు నమోదు చేయడానికి రెట్టింపు ఖర్చేమీ కాదు. మొత్తం 7.5 దగ్గర నిలిచేలా సుంకాన్నీ ఫీజునూ ఎలా సర్దుకున్నారన్నదే తేడా. దీనికి పైన యూజర్ ఛార్జీలు కొన్ని వందలు ఉంటాయి. మొత్తం లెక్కలో వాటి బరువు తక్కువే.

బదిలీ సుంకాన్ని రిజిస్ట్రేషన్ శాఖే వసూలు చేసినా, అది ఆస్తి ఏ పంచాయతీ, ఏ పురపాలక సంఘం పరిధిలో ఉందో వాటికి చేరాల్సిన సొమ్ము. అది సమయానికి జమ కావడం లేదన్నది స్థానిక సంస్థల పాత ఫిర్యాదు. ఊళ్లో భూముల క్రయవిక్రయాలు జోరుగా సాగుతున్నా పంచాయతీ ఖాతాలో ఆ జోరు కనిపించకపోవడానికి ఇదొక కారణం.

పన్నుకూ రుసుముకూ మధ్య గీత

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 63వ అంశం స్టాంపు సుంకం రేట్లు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. రుసుముల గురించి చెప్పేది అదే జాబితాలోని 66వ అంశం. పన్నుకు బదులుగా ప్రభుత్వం ఫలానా సేవ చేస్తానని చెప్పనక్కర్లేదు. రుసుము అలా కాదు, కట్టిన మనిషికి అందే పనితో దానికి సంబంధం ఉండాలి. 1954లో శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది.

తర్వాతి దశాబ్దాల్లో ఆ గీత పలచబడింది. పలచబడటంలో ఆంధ్రప్రదేశ్‌కూ పాత్ర ఉంది. వ్యవసాయ మార్కెట్ కమిటీలు వసూలు చేసే మార్కెట్ ఫీజును నూటికి 50 పైసల నుంచి రూపాయికి పెంచినప్పుడు వ్యాపారులు కోర్టుకెళ్లారు. అదే శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసు. కట్టిన ప్రతి పైసాకూ సరితూగే సేవ చూపనక్కర్లేదనీ, రుసుముకూ సేవకూ మధ్య స్థూలమైన సంబంధం ఉంటే చాలనీ 1983లో సుప్రీంకోర్టు పెంపును సమర్థించింది. ఆ తర్వాత రుసుముల పెంపును కోర్టులో నిలువరించడం కష్టమైంది.

పద్దుల విషయానికొస్తే, రాష్ట్ర బడ్జెట్‌లో స్టాంపులు, రిజిస్ట్రేషన్ రుసుములు రెండూ 0030 అనే ఒకే ప్రధాన పద్దు కింద, పన్ను రాబడిలో కలిసి ఉంటాయి. కోర్టు ఫీజు స్టాంపులూ అక్కడికే చేరతాయి. పేరులో రుసుము అని ఉన్నా ప్రభుత్వ లెక్కల్లో అది పన్నుల వరుసలోనే కూర్చుంది.

రుసుము పెంచడం తేలిక కావడానికి ఇంకో కారణముంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఫీజుల పట్టికను రాష్ట్ర ప్రభుత్వమే తయారుచేసి ప్రచురిస్తే చాలు, శాసనసభకు వెళ్లనక్కర్లేదు. స్టాంపు సుంకాన్ని చట్టంలో రాసిన రేటు కన్నా పెంచాలంటే చట్ట సవరణ కావాలి. తగ్గించడానికైతే స్టాంపు చట్టం 9వ సెక్షన్ కింద ప్రభుత్వ ఉత్తర్వు సరిపోతుంది. గతంలో ఇచ్చిన తగ్గింపును వెనక్కి తీసుకోవడానికీ ఉత్తర్వే చాలు.

కౌంటర్ దగ్గర జరిగే పని

పది, పన్నెండు పేజీల దస్తావేజు సబ్‌రిజిస్ట్రార్ ముందుకు వస్తుంది. సిబ్బంది సర్వే నంబరు, హద్దులు, లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు) చూస్తారు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందేమో సరిచూస్తారు. చలానా సరిపోయిందా లేదా లెక్కగడతారు. 32ఏ ఫారంలో కొన్నవాళ్లవీ అమ్మినవాళ్లవీ ఫొటోలు, వేలిముద్రలు ఉంటాయి. ఆధార్‌తో గుర్తింపు, ఇద్దరు సాక్షుల సంతకాలు, దస్తావేజు వెనక ఎండార్స్‌మెంట్, నంబరు, చివరగా స్కానింగ్. నూజివీడులో పది లక్షల స్థలానికైనా, విజయవాడలో కోటి రూపాయల ఫ్లాటుకైనా ఇదే వరుస, ఇంచుమించు ఇదే సమయం. ఆంధ్రప్రదేశ్‌లో మొదటిదానికి రిజిస్ట్రేషన్ ఫీజు రూ.10,000, రెండోదానికి రూ.లక్ష.

పైగా ఈ పని ఖర్చు కాలంతో పాటు తగ్గుతూ వచ్చింది. ఒకప్పుడు ప్రతి దస్తావేజునూ గుమస్తాలు పెద్ద పుస్తకాల్లోకి చేత్తో ఎత్తిరాసేవారు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కావాలంటే రోజుల తరబడి తిరగాలి. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ‘కార్డ్’ పేరుతో 214 సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులను కంప్యూటరీకరించాక ఆ తిప్పలు తగ్గాయి. 2025లో తెలంగాణ 22 ఆఫీసుల్లో స్లాట్ బుకింగ్ మొదలుపెట్టి, రోజుకు 48 స్లాట్లతో ఒక్కో దస్తావేజును పది పదిహేను నిమిషాల్లో ముగించాలని లక్ష్యం పెట్టుకుంది. అంటే ఒక్కో దస్తావేజుకు పట్టే సమయం తగ్గింది, భూమి విలువ పెరిగింది. విలువలో శాతంగా ఉన్న ఫీజు కూడా దానితో పాటే పెరిగింది.

ఇతర రాష్ట్రాలతో పోల్చితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కోటి రూపాయల ఆస్తి నమోదుకు మహారాష్ట్రలో రిజిస్ట్రేషన్ ఫీజు రూ.30,000. అక్కడ రేటు 1 శాతమే అయినా ఆ మొత్తం దగ్గర గరిష్ఠ పరిమితి ఉంది. తెలంగాణలో రూ.50,000, ఆంధ్రప్రదేశ్‌లో రూ.లక్ష. కర్ణాటక 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతాన్ని 2 శాతం చేయడంతో అక్కడ రూ.2 లక్షలు. తమిళనాడులోనూ 2 శాతమే. ఒకే చట్టం కింద జరిగే ఒకే పనికి ఏడు రెట్ల దాకా తేడా ఉందంటే, దాన్ని సేవ ఖరీదు అనలేం. మహారాష్ట్రలా పరిమితి పెట్టి, మిగతాది పన్నుగానే, పన్ను పేరుతోనే తీసుకోవడం నిజాయతీ గల పద్ధతి.

మన రెండు రాష్ట్రాలకూ పరిమితి అనే ఆలోచన కొత్త కాదు. కుటుంబ సభ్యుల మధ్య జరిగే దాన సెటిల్‌మెంట్లకు రిజిస్ట్రేషన్ ఫీజు రూ.10,000 దాటకూడదన్న నిబంధన ఉంది. వారసత్వంగా వచ్చిన భూమిని పంచుకునేవాళ్లకు, విలువ రూ.10 లక్షల లోపైతే రూ.100, దాటితే రూ.1,000 నామమాత్రపు రుసుము చాలని 2025లో ఆంధ్రప్రదేశ్ నిర్ణయించింది. ఖర్చుకు భయపడి పంపకాలను తెల్లకాగితం మీదే ముగించేవాళ్లను రికార్డులోకి తేవడం దీని ఉద్దేశం. నమోదు కాని పంపకాలు తర్వాతి తరంలో సివిల్ తగాదాలవుతాయి. కాబట్టి ఇక్కడ వదులుకునే ఆదాయం వృథా పోదు.

రేటు కన్నా పుస్తకం ముఖ్యం

సుంకం లెక్కగట్టేది దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వ పుస్తక విలువ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద. పుస్తక విలువను పట్టణాల్లో వార్డు, వీధి, ఇంటి నంబరు వారీగా, పల్లెల్లో సర్వే నంబరు, భూమి తరహా వారీగా రాస్తారు. కట్టడం ఉంటే చదరపు అడుగుకింతని దాని విలువ కలుపుతారు. విలువలను ప్రతిపాదించే కమిటీలకు రెవెన్యూ అధికారులు అధ్యక్షత వహిస్తారు. సబ్‌రిజిస్ట్రార్ కన్వీనరు.

ఈ పుస్తకానికి చట్టబద్ధత ఏపాటిదన్న ప్రశ్న ఆదిలాబాద్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. జవాజీ నాగనాథం కేసులో 1994లో కోర్టు, నాటి బేసిక్ వాల్యుయేషన్ రిజిస్టరుకు చట్టం అండ లేదనీ, భూసేకరణ పరిహారానికి దాన్ని ప్రాతిపదికగా తీసుకోలేమనీ చెప్పింది. 1998లో మార్కెట్ విలువ మార్గదర్శకాల సవరణ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం పట్టణాల్లో ఏటా, గ్రామాల్లో రెండేళ్లకోసారి సవరించాలి.

ఆ నియమం తప్పితే ఏమవుతుందో తెలంగాణ అనుభవం చూపిస్తుంది. 2013 తర్వాత అక్కడ విలువలు ఎనిమిదేళ్లు కదల్లేదు. హైదరాబాద్ శివార్లలో భూమి ధర ఎన్నో రెట్లయినా పుస్తకం పాత అంకెలతోనే ఉండిపోయింది. 2021 జులై 22న ప్రభుత్వం రెండు పనులు ఒకేసారి చేసింది. మొత్తం రేటును 6 నుంచి 7.5 శాతానికి పెంచింది, పుస్తక విలువలనూ శ్లాబుల వారీగా పెంచింది. రూ.10 లక్షల పుస్తక విలువ ఉన్న స్థలానికి అంతకుముందు రూ.60,000 అయ్యేది. విలువ 40 శాతం పెరిగి రూ.14 లక్షలైందనుకుంటే, 7.5 శాతం లెక్కన రూ.1,05,000. రేటు ఒకటిన్నర శాతమే పెరిగినట్టు కనిపించినా, చేతి నుంచి పోయే డబ్బు 75 శాతం పెరిగింది. ఆర్నెల్లు తిరిగేసరికి 2022 ఫిబ్రవరి 1న మళ్లీ విలువల సవరణ.

ఎనిమిదేళ్ల బాకీని ఏడాదిలో వసూలు చేయడం కన్నా, నిబంధన చెప్పినట్టు ఏటా కొద్దికొద్దిగా సవరించడమే అందరికీ మేలు. కొనేవాడు ముందే లెక్క వేసుకోగలడు, ఖజానాకూ ఒడుదొడుకులుండవు.

ఈ ఖాతా మీదే ఎందుకు కన్ను

2017 జులైలో జీఎస్టీ వచ్చాక సరుకుల మీద పన్ను రేటు నిర్ణయించే స్వేచ్ఛ రాష్ట్రాలకు పోయింది. ప్రవేశ పన్ను, విలాస పన్ను, రాష్ట్రం వేసే వినోద పన్ను అందులో కలిసిపోయాయి. ఏటా 14 శాతం వృద్ధికి కేంద్రం ఇచ్చిన పరిహారం హామీ 2022 జూన్ 30తో ముగిసింది. రాష్ట్రం సొంతంగా పెంచగలిగినవాటిలో ప్రధానంగా మిగిలింది మద్యం మీద ఎక్సైజ్, వ్యాట్, పెట్రోలు, డీజిల్ మీద వ్యాట్, వాహనాల పన్ను, విద్యుత్ సుంకం, స్టాంపులు, రిజిస్ట్రేషన్, ఇంకా రకరకాల రుసుములు. పెట్రోలు రేటు పెరిగితే ప్రతి రోజూ ప్రతి బంకు దగ్గరా కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ భారం మాత్రం ఒక కుటుంబానికి జీవితంలో ఒకటి రెండు సార్లే తగులుతుంది. అందుకే దీనిపై నిరసన తక్కువ.

మద్యం దుకాణాల దరఖాస్తు రుసుము ఇంకో కోవకు చెందింది. తెలంగాణలో 2023లో 2,620 దుకాణాలకు తిరిగివ్వని రూ.2 లక్షల రుసుముతో దరఖాస్తులు పిలిస్తే 1,31,954 వచ్చాయి. లాటరీ తీయకముందే వచ్చిన సొమ్ము సుమారు రూ.2,639 కోట్లు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు రాగా దాదాపు రూ.1,798 కోట్లు సమకూరాయి. దరఖాస్తు పరిశీలనకు అంత ఖర్చు కాదన్నది స్పష్టమే. అయితే మద్యం వ్యాపారం ప్రభుత్వానికి మాత్రమే ఉన్న ప్రత్యేక హక్కు అనీ, లైసెన్సు ఫీజు ఆ హక్కును వదులుకున్నందుకు తీసుకునే ధర అనీ 1975లో హర్‌శంకర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల ఇక్కడ సేవకు తగ్గ రుసుమేనా అన్న వాదనకు బలం తక్కువ.

విలువ పెంచితే ఏమేం కదులుతాయి

పుస్తక విలువ ఒక్క రిజిస్ట్రేషన్‌కే పరిమితం కాదు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి ఆస్తి పన్నుకు పుస్తక విలువతో లెక్కగట్టే మూలధన విలువే ఆధారం. ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదన్న నిబంధన ఉన్నా, పుస్తకం పెరిగితే పన్ను ఏటేటా ఆ మెట్లు ఎక్కుతూనే ఉంటుంది. తెలంగాణలో లేఅవుట్ క్రమబద్ధీకరణలో ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలోని ప్లాట్లకు వేసే 14 శాతం ఛార్జీ, సాగుభూమిని ఇతర అవసరాలకు మార్చే నాలా రుసుము కూడా భూమి విలువలో శాతాలే.

ఒకచోట మాత్రం ఈ పెంపు ప్రభుత్వానికే ఖర్చు తెస్తుంది. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ ప్రకారం పరిహారానికి చూసే ప్రమాణాల్లో స్టాంపు చట్టం కింది విలువ ఒకటి. ఏది ఎక్కువైతే అదే లెక్క. దాని మీద 100 శాతం సొలేషియం (ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము), గ్రామాల్లో 2 దాకా గుణకం. పుస్తక విలువే పెద్దదైన చోట, గుణకం 1 అనుకున్నా, ఎకరా విలువ లక్ష పెరిగితే పరిహారం రెండు లక్షలు పెరుగుతుంది. కాలువకో రోడ్డుకో భూమి తీసుకోబోయే ఊళ్లలో పుస్తక విలువ తక్కువగా ఉండిపోతే రైతు నష్టపోతాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గిందని సంతోషించే ముందు పల్లెల్లో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎక్కడ బెడిసికొడుతుంది

పుస్తకం బయటి ధర కన్నా చాలా తక్కువగా ఉంటే దస్తావేజులో పుస్తక విలువే రాసి మిగతాది నగదుగా ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ తర్వాత బ్యాంకు రుణం దస్తావేజులో రాసిన ధర దగ్గరే ఆగుతుంది. రేపు అదే ఆస్తి తెల్లధనంతో అమ్మితే లాభం కృత్రిమంగా పెద్దదై పన్ను పడుతుంది.

పుస్తకం బయటి ధరను దాటిపోతే ఇబ్బంది ఇంకో రకం. పుస్తక విలువ రూ.60 లక్షలు, బేరం కుదిరింది రూ.50 లక్షలకు అనుకుందాం. సుంకం, ఫీజు 60 లక్షల మీద, అంటే రూ.4.5 లక్షలు. తేడా 10 శాతం దాటింది కాబట్టి ఆదాయపు పన్ను శాఖ అమ్మినవాడి లాభాన్ని 60 లక్షల ధరకే లెక్కగడుతుంది. కొన్నవాడికి ఆ పది లక్షలు అదనపు ఆదాయం కింద వస్తాయి. రాని డబ్బుకు ఇద్దరూ పన్ను కట్టాల్సివస్తుంది.

తమిళనాడు రెండు దిక్కులా వెళ్లి చూసింది. 2017లో మార్గదర్శక విలువలను (అక్కడి పుస్తక విలువలను) 33 శాతం తగ్గించి, ఆ లోటు పూడ్చేందుకు రిజిస్ట్రేషన్ ఫీజును 1 నుంచి 4 శాతం చేసింది. 2023లో పాత విలువలు తిరిగి తెచ్చి ఫీజును 2కు దించింది. ఆ విలువల పునరుద్ధరణకు ఇచ్చిన సర్క్యులర్ సరైన పద్ధతి పాటించలేదని మద్రాసు హైకోర్టు కొట్టేసింది.

చలానా కట్టే ముందు

ముందుగా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ సర్వే నంబరు లేదా ఇంటి నంబరు విలువ చూసుకోవాలి. వ్యవసాయ భూమి పొరపాటున ఇళ్ల స్థలాల విలువ కింద, లోపలి సందు ప్రధాన రహదారి విలువ కింద నమోదై ఉండటం తరచూ కనిపించేదే. సవరణ కోసం దస్తావేజు రాయించక ముందే అర్జీ పెట్టుకోవడం మంచిది.

విలువ ఎక్కువగా వేశారనిపిస్తే స్టాంపు చట్టం 47ఏ సెక్షన్ కింద విషయాన్ని నిర్ణయానికి పంపించమని అడగవచ్చు. దీనికి తక్కువపడిందంటున్న సుంకంలో సగం ముందే జమ చేయాలి. నిర్ణయం వచ్చేదాకా దస్తావేజు పెండింగులో ఉంటుంది. బ్యాంకు రుణంతో కొనేవాళ్లు ఆ ఆలస్యాన్ని తట్టుకోగలరో లేదో ముందే చూసుకోవాలి.

సంతకం చేసిన నాలుగు నెలల్లోపు దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు తేవాలి. దాటితే మరో నాలుగు నెలల దాకా జరిమానాతో అవకాశముంటుంది. ఆ జరిమానా అసలు ఫీజుకు పదిరెట్ల దాకా పోవచ్చు. బేరం చెడిపోయి స్టాంపులు వాడకుండా మిగిలితే, కొన్న ఆరు నెలల్లోగా అప్పగిస్తే రూపాయికి పది పైసలు మినహాయించి తిరిగి ఇస్తారు. రిజిస్ట్రేషన్ అయిపోయాక కొనుగోలుదారు మనసు మార్చుకుని రద్దు దస్తావేజు రాసుకున్నా, మొదట కట్టిన సుంకం మాత్రం వెనక్కి రాదు.